సాల్వెంట్ పేరు మారితే సాలదు.. మడ్డి ఎటు పోతున్నదో చెప్పాలె

పెండ్లిల వేసుకున్న కోటు, అమ్మ పట్టుచీర, ఉన్ని స్వెట్టర్.. ఇవన్నీ ఇంట్ల ఉతికితే పాడైతయని డ్రై క్లీనింగ్‌కు ఇస్తం. రెండు మూడు రోజులకు ఇస్త్రీ చేసి, ప్లాస్టిక్ కవర్ తొడిగి తిరిగి ఇస్తరు. కవర్ తీయంగనే ఒక తీరు వాసనొస్తది. కొన్ని దుకాణాల బట్టలకు కిరసనాయిలు లెక్క, కొన్నింటికి జెర తియ్యగ, ఘాటుగ. మంచిగ క్లీన్ చేసిండు, వాసన చూడమని పక్కోళ్లకు చూపెట్టేటోళ్లు కూడ ఉంటరు. కానీ అది శుభ్రం వాసన కాదు. బట్టలో ఇంకా మిగిలి ఉన్న రసాయనం వాసన.

డ్రై క్లీనింగ్ అంటే పొడిగ ఉతుకుడని చాలామంది అనుకుంటరు. పొడిగ ఏం ఉతకరు. నీళ్లకు బదులు ఒక రసాయన ద్రవంలో బట్టలను తిప్పుతరు. ఆ ద్రవాన్నే సాల్వెంట్ అంటరు. నూనె, గ్రీజు, చెమట జిడ్డును అది కరిగించుకుంటది. నీళ్లు తగలవు కాబట్టి ఉన్ని ముడుసుకపోదు, పట్టు మెరుపు పోదు. బట్టకు మంచిదే. మరి ఆ మిషన్ దగ్గర నిలబడ్డ మనిషికి? దుకాణం కింద ఉన్న నేలకు? ఆ నేల కింద ఉన్న నీళ్లకు?

ఈ ప్రశ్నలు ఇప్పుడు ప్రపంచమంతా నడుస్తున్నయి. పాత సాల్వెంట్‌ను ఒక్కో దేశం పక్కన పెడుతున్నది. దాని జాగాల 'గ్రీన్', 'ఆర్గానిక్', 'ఎకో' అని పేర్లు పెట్టుకొని కొత్త సాల్వెంట్లు దిగుతున్నయి. ఇక్కడనే మనం జెర ఆగి ఆలోచించాలె. రసాయనం పేరు మార్చుడు వేరు, ప్రమాదం తీసేసుడు వేరు. ఈ రెండింటికి మధ్య తేడా చెప్పేది మిషన్ అడుగున మిగిలే మడ్డి.

అమెరికా ఏం చేసింది?

డ్రై క్లీనింగ్‌లో డెబ్భై ఎనభై ఏండ్ల సంది రాజ్యమేలుతున్న సాల్వెంట్ పేరు పర్‌క్లోరోఇథిలిన్. పనిచేసేటోళ్లు సంక్షిప్తంగ 'పర్క్' అంటరు. అమెరికా పర్యావరణ రక్షణ సంస్థ ఈపీఏ 2024 డిసెంబర్‌లో దీని మీద తుది నిబంధన ఇచ్చింది. డ్రై క్లీనింగ్ దుకాణాలు 10 ఏండ్లల్ల పర్క్‌ను పూర్తిగ వదిలేయాలని అందులో ఉన్నది. కాలిఫోర్నియా రాష్ట్రం అంతకన్న ముందే మేల్కొన్నది. 2007లో రూల్ చేసింది, 2008 నుంచి కొత్త పర్క్ మిషన్లు పెట్టనియ్యలేదు, 2023 వచ్చేసరికి పాతవి కూడ బంద్ చేయించింది. ఫ్రాన్స్ 2012 చివర్ల రూల్ తెచ్చి, జనం ఉండే బిల్డింగులల్ల నుంచి పర్క్ మిషన్లను దశలవారీగ తీసేయించింది.

ఇంత కోపం ఎందుకంటే కారణాలున్నయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద పనిచేసే అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ పర్క్‌ను 'మనుషులకు బహుశా క్యాన్సర్ తెచ్చేది' అనే 2ఏ వర్గంలో పెట్టింది. మూత్రాశయ క్యాన్సర్‌తో దీనికి సంబంధం ఉన్నట్టు డ్రై క్లీనింగ్ కార్మికుల మీద చేసిన అధ్యయనాలల్ల కనబడ్డది. క్యాన్సర్ దాకా పోకముందే తలనొప్పి, కండ్లు తిరుగుడు, కల్లు తాగినట్టు మత్తు వస్తయి. ఏండ్ల తరబడి పీలిస్తే నరాలు, కాలేయం, కిడ్నీలు దెబ్బతింటయి. తమాషా ఏందంటే, వందేండ్ల కింద ఇదే పర్క్‌ను కడుపులో కొంకిపురుగులు పోవడానికి మందుగ తాపిచ్చిన్రు. అప్పటి డాక్టర్లకు అది మంచి మందే. ఇప్పుడు తెలిసింది అప్పుడు తెల్వదు. ఇప్పటి కొత్త సాల్వెంట్ల మీద కూడ రేపు తెలిసేది ఎంతో ఉండొచ్చన్న సంగతి ఇక్కడ గుర్తుపెట్టుకోవాలె.

ఒక దయ్యం పోతే ఇంకో దయ్యం

డ్రై క్లీనింగ్ చరిత్ర చూస్తే మొదటి సంది ఇదే కథ. 19వ శతాబ్దంలో ఫ్రాన్స్‌లో మొదలైనప్పుడు టర్పెంటైన్ లాంటి నూనెలు, తర్వాత పెట్రోలు, బెంజీన్ వాడిన్రు. బట్టలు మంచిగనే అయితుండె, కానీ దుకాణాలు తగలబడుతుండె. మంటలు అంటుకోని ద్రవం కావాలని వెతికితే కార్బన్ టెట్రాక్లోరైడ్ దొరికింది. దానికి మంట అంటదు సరికదా, మంటలార్పే సీసాలల్ల కూడ అదే పోసేటోళ్లు. కానీ అది మనుషుల కాలేయాన్ని తినేసింది. అది వద్దని ట్రైక్లోరోఇథిలిన్‌కు పోయిన్రు. అది కొన్ని రకాల బట్టల రంగు దించింది. మనుషులకు క్యాన్సర్ తెస్తదని తర్వాత రుజువైంది. పర్క్ వచ్చింది ఆ తర్వాత. నడుమల సీఎఫ్‌సీ-113 అనే ఫ్రిజ్ గ్యాసుల చుట్టాన్ని కూడ కొన్ని దేశాలల్ల వాడిన్రు. అది ఓజోన్ పొరకు చిల్లు పెడతదని 1987 మాంట్రియల్ ఒప్పందం దాన్ని బయటికి పంపింది.

ప్రతిసారి మాట ఒక్కటే: పాతది ప్రమాదం, ఇది సేఫ్. ప్రతిసారి ఆ 'సేఫ్' అన్నదాని అసలు రంగు బయటపడడానికి ఇరవై, ముప్పై ఏండ్లు పట్టింది. ఆ ముప్పై ఏండ్లు పీల్చింది ఎవరు? మిషన్ దగ్గర పనిచేసేటోడు, పక్కింట్ల ఉండేటోళ్లు.

న్యూజెర్సీ దుకాణదారు కథ

ఇది పాత ముచ్చట కాదని చెప్పడానికి ఒక్క ఉదాహరణ సాలు. 2000ల తర్వాత పర్క్ మీద ఒత్తిడి పెరగంగనే, దానికి బదులు '1-బ్రోమోప్రొపేన్' అనే సాల్వెంట్ మార్కెట్లకు వచ్చింది. దాంట్ల పెద్ద సులువు ఏందంటే, కొత్త మిషన్ కొనే పనిలేదు. ఉన్న పర్క్ మిషన్‌నే కొంచెం మార్చి అందులో ఇది పోస్తే నడుస్తదన్నరు. చిన్న దుకాణదారుకు ఇంతకన్న ఏం కావాలె? అప్పు లేదు, మిషన్ మార్చేది లేదు, పైగ పర్క్ వదిలేసినం అని బోర్డు పెట్టుకోవచ్చు.

అట్ల మార్చుకున్న న్యూజెర్సీ దుకాణదారు ఒకాయన జబ్బుపడ్డడు. విపరీతమైన అలసట, తలనొప్పి, కీళ్ల నొప్పులు. చూపు ఒక దగ్గర నిలుస్తలేదు. చేతులు కాళ్లల్ల తిమ్మిర్లు, కండరాలు వాటంతట అవే అదురుడు. పరీక్షలు చేస్తే ఆయన పీలుస్తున్న 1-బ్రోమోప్రొపేన్ నరాల మీద పనిచేసిందని తేలింది. ఈ కేసును, పెన్సిల్వేనియాల ఎలక్ట్రానిక్స్ పనిచేసే ఇంకో కార్మికుని కేసును కలిపి అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ 2008 డిసెంబర్‌లో అచ్చేసింది. తర్వాత ఇది క్యాన్సర్ కూడ తెచ్చే అవకాశం ఉన్నదని పరిశోధన సంస్థలు చెప్పినయి. 2022 జనవరిల ఈపీఏ దీన్ని ప్రమాదకర వాయు కాలుష్యాల జాబితాల చేర్చింది. 1990ల చట్టం ఆ జాబితా ఇచ్చినప్పటి సంది అందులో కొత్తగ చేరిన మొదటి రసాయనం ఇదే.

అంటే పర్క్ నుంచి తప్పించుకుందామని పోయినాయన అంతకన్న చెడ్డదాని చేతిల పడ్డడు. పెనం మీది నుంచి పొయ్యిల పడుడంటే ఇదే. ఆయన మోసగాడు కాదు. అమ్మినోడు చెప్పింది నమ్మిండు, ముందుగ ఆయన ఒళ్లే దెబ్బతిన్నది.

మిగిలిన 'గ్రీన్' సాల్వెంట్ల సంగతేంది?

అన్నింటినీ ఒక్క గాటన కట్టేస్తే అన్యాయమైతది. ఒక్కొక్కటి చూద్దాం.

మొదటిది హైడ్రోకార్బన్. పెట్రోలియం నుంచి తీసినదే, కానీ బాగ శుద్ధి చేసింది. పాత పెట్రోలు లెక్క భగ్గుమనదు. అయినా వేడెక్కితే అంటుకుంటది. పర్క్ కన్న విషం తక్కువ, కానీ గాలిల కలిసి పొగమంచు కాలుష్యానికి తోడైతది. దీనికే 'ఆర్గానిక్ క్లీనింగ్' అని బోర్డు పెట్టే దుకాణాలు అమెరికాల మస్తున్నయి. రసాయన శాస్త్రంలో ఆర్గానిక్ అంటే కార్బన్ ఉన్నదని అర్థం. ఆ లెక్కన పెట్రోలు కూడ ఆర్గానిక్కే, పర్క్ కూడ ఆర్గానిక్కే. ఎరువులు ఎయ్యకుండ పండించిన కూరగాయలకు వాడే మాటను ఇక్కడ తెచ్చి అంటించిన్రు.

రెండోది డీ5 అనే సిలికాన్ ద్రవం. షాంపూలు, క్రీములల్ల కూడ ఉండేది. వాసన లేదు, బట్టకు మెత్తగ పనిచేస్తది. కానీ ఎలుకల మీద ఎక్కువ మోతాదుతోని చేసిన పరీక్షల గర్భసంచి కణుతులు కనబడ్డయి. ప్రకృతిల తొందరగ విరగదు, జీవుల ఒంట్ల పేరుకపోతది అని యూరోపియన్ యూనియన్ 2018లో దీన్ని 'అత్యంత ఆందోళనకర పదార్థాల' జాబితాల పెట్టింది.

మూడోది బ్యుటైలాల్. ఇది ఈ మధ్యన వచ్చింది. వాషింగ్టన్ రాష్ట్రంలోని కింగ్ కౌంటీలో, ఇంకొన్ని చోట్ల దీన్ని వాడే దుకాణాలల్ల గాలి కొలిచి చూస్తే మోతాదు తక్కువనే ఉన్నది. అది మంచి మాటే. అయితే చర్మానికి, కండ్లకు తగిలితే ఏమైతది, ఏండ్ల తరబడి పీలిస్తే ఏమైతది అన్నదాని మీద పర్క్‌కు ఉన్నన్ని పరీక్షలు దీనికి లేవు. పరీక్ష రాయనోడు ఫెయిల్ కాలేదు నిజమే, కానీ పాస్ కూడ కాలేదు.

నాలుగోది ద్రవ రూపంలో ఉండే కార్బన్ డయాక్సైడ్. సోడాల ఉండే గ్యాసే. విషం సంగతి చూస్తే ఇది చాన నయం. కానీ గ్యాసును ద్రవంగ ఉంచాలంటే భారీ ఒత్తిడి తట్టుకునే మిషన్ కావాలె. దాని ధర చిన్న దుకాణదారు అందుకునేది కాదు.

మిషన్ కడుపుల ఏమున్నది?

ఇప్పుడు అసలు ముచ్చటకు వద్దాం. సాల్వెంట్ పిరం. ఒక్కసారి వాడి పారబోస్తే ఎవనికీ గిట్టుబాటు కాదు. అందుకే మిషన్ దాన్ని మళ్ల మళ్ల శుద్ధి చేసుకుంటది. ముందుగ వడపోస్తది. తర్వాత సారా బట్టి లెక్క కాగబెట్టి ఆవిరి చేసి, చల్లార్చి, శుభ్రమైన సాల్వెంట్‌ను వెనక్కి తీసుకుంటది. బట్టి అడుగున ఏం మిగుల్తది? బట్టల నుంచి వచ్చిన జిడ్డు, రంగు, నూగు, సబ్బు, కొంత సాల్వెంట్ కలిసి నల్లటి చిక్కటి మడ్డి మిగుల్తది. దాన్ని మనిషే గోకి తీయాలె. కార్మికునికి ఎక్కువ విషం తగిలే పనులల్ల ఇది ఒకటి.

మడ్డి ఒక్కటే కాదు. వాడి తీసేసిన ఫిల్టర్లు ఉంటయి. గుండీల జల్లెడల చిక్కుకున్న నూగు ఉంటది. బట్టలల్ల ఉన్న తేమ సాల్వెంట్ నుంచి విడిపోయి మురికి నీళ్లుగ బయటికొస్తది. ఇవన్నీ ప్రమాదకర వ్యర్థాలే కావొచ్చు.

మరి 'గ్రీన్' సాల్వెంట్ పోస్తే మడ్డి కూడ గ్రీన్ అయితదా? కాదు. దీనికి రెండు కారణాలు. ఒకటి, బట్టల నుంచి వచ్చే మురికి, రంగు, లోహాలు సాల్వెంట్ మారినా అవే ఉంటయి. రెండోది ఇంకా ముఖ్యం. మిషన్ల వేసేముందు నూనె మరక, పెయింట్ మరక ఉన్నకాడ చిన్న సీసాతోని ఒక ద్రవం కొడతరు. మరకల మందు అనుకోండి. ఆ సీసాలల్ల చాలాకాలం ఉన్నది ట్రైక్లోరోఇథిలిన్, కొన్నింట్ల పర్క్. అంటే దుకాణం ముందట 'పర్క్ లేదు' అని బోర్డు, లోపట టేబుల్ మీద అదే కుటుంబం సీసా. ఆ చుక్కలు బట్టతోని మిషన్లకు పోయి, బట్టిల పడి, మడ్డిల కలుస్తయి. సాల్వెంట్ మంచిదైనా మడ్డి మాత్రం విషమే అయితది. ట్రైక్లోరోఇథిలిన్‌ను కూడ ఈపీఏ 2024 డిసెంబర్‌లోనే నిషేధించింది.

అందుకే నేను చెప్పేది ఒక్కటే: ఏ సాల్వెంట్ వాడుతున్నవని అడిగి ఆగొద్దు. మడ్డి ఎటు పోతున్నదని అడుగు. అసలు జవాబు అక్కడున్నది.

గుంతలు పూడ్చిన మడ్డి

మడ్డి ఎటో పోతే ఏమైతది? అమెరికాల నార్త్ కరోలినాల క్యాంప్ లెజూన్ అనే మెరైన్ సైనిక స్థావరం ఉన్నది. 1953 నుంచి 1987 దాకా అక్కడి సైనికులు, వాళ్ల పెండ్లాం పిల్లలు విషం కలిసిన నీళ్లు తాగిన్రు, తానం చేసిన్రు, పిల్లలకు పాలు కలిపిన్రు. సంఖ్య పది లక్షల దాకా ఉండొచ్చని అంచనా. స్థావరంలో ఒక పక్క నీళ్లను పాడుచేసింది సైన్యం వాడిన రసాయనాలు, లీకైన ట్యాంకులు. ఇంకో పక్క, కుటుంబాలు ఉండే క్వార్టర్ల బోర్లను పాడుచేసింది మాత్రం గేటు బయట రోడ్డు మీద ఉన్న ఒక్క డ్రై క్లీనింగ్ దుకాణం.

ఆ దుకాణంలో బట్టి నుంచి తీసిన మడ్డిని ఏం చేసిన్రో తెలుసా? ఎండిన పొడిని దుకాణం ఆవరణల గుంతలు పూడ్చడానికి వాడిన్రు. ఎవరినో చంపాలని చేసింది కాదు. పారేసే చెత్త ఉన్నది, పూడ్చాల్సిన గుంత ఉన్నది. మన దగ్గర బూడిద పోసినట్టు పోసిన్రు. వాన పడ్డది, మడ్డిల ఉన్న పర్క్ నేలలకు దిగింది. బోర్లను బంద్ పెట్టింది 1985లో. బాధితులు కోర్టుకు పోయి పరిహారం అడిగే హక్కు ఇచ్చే చట్టం 2022 ఆగస్టుల వచ్చింది. నడుమ 37 ఏండ్లు పోయినయి. చాలామంది అప్పటికే సచ్చిపోయిన్రు.

పర్క్ నేలల ఎందుకు అంత మొండిగ ఉంటదంటే అది నీళ్ల కన్న బరువు. నూనె నీళ్ల మీద తేలుతది, ఇది మునుగుతది. ఒక లీటరు పర్క్ 1.62 కిలోలు తూగుతది. సిమెంటు గచ్చు నుంచి కూడ దిగుతది. భూగర్భజలం దాటి రాతి పగుళ్ల దాకా పోయి అక్కడ గుంట కట్టుకొని కూసుంటది. అక్కడి నుంచి ఏండ్ల తరబడి కొంచెం కొంచెం కరుగుతనే ఉంటది. కాలం గడిస్తే విరిగి వినైల్ క్లోరైడ్ అయ్యే అవకాశం ఉన్నది. అది క్యాన్సర్ తెస్తదని రుజువైన పదార్థం.

ఒక లెక్క చూడుండ్రి. అమెరికాల తాగునీటిల పర్క్ లీటరుకు 5 మైక్రోగ్రాములకు మించొద్దని రూల్. ఆ లెక్కన ఒక్క లీటరు పర్క్, 32 కోట్ల లీటర్ల నీళ్లను ఆ పరిమితి దాకా పాడుచేయగలదు. 80 ఎకరాల చెరువుల ఒక మీటరు లోతు నీళ్లు నిలిస్తే ఎన్నో, అన్ని నీళ్లు. ఒక్క లీటరు. ఒక పెద్ద మినరల్ వాటర్ బాటిల్ అంత.

మనకెందుకు ఈ లొల్లి?

మన ఊర్లల్ల డ్రై క్లీనింగ్ ఎక్కడుంది అని అడగొచ్చు. ఊర్ల లేకపోవచ్చు. కానీ మండల కేంద్రంల బోర్డు ఉన్నది, జిల్లా కేంద్రంల మిషన్ ఉన్నది, హైదరాబాద్‌ల యాప్ నొక్కితే ఇంటికొచ్చి బట్టలు తీసుకపోయే కంపెనీలున్నయి. ఆ మిషన్ల దగ్గర పనిచేసేది ఎవరు? ఊరి నుంచి పోయిన మన పిల్లలే. ఇంకా దూరం చూస్తే దుబాయ్, మస్కట్, దోహా. జగిత్యాల, కరీంనగర్, నిజామాబాద్ దిక్కు నుంచి గల్ఫ్‌కు పోయినోళ్లల్ల లాండ్రీ పని చేసేటోళ్లు ఎంతోమంది. వీసా కాగితం మీద 'లాండ్రీ వర్కర్' అని ఉంటది. ఏ ద్రవంతోని పని అన్నది ఏ కాగితం మీద ఉండదు. ఇంటికి ఫోన్ చేసినప్పుడు 'తల నొస్తున్నదే అమ్మా' అంటే, 'ఎండలకు అయి ఉంటది బిడ్డా, మజ్జిగ తాగు' అంటది తల్లి. పాపం ఆమెకేం తెలుసు.

నేలల దిగిన సాల్వెంట్ ఏం చేస్తదో తెలంగాణకు ఒకరు నేర్పే అవసరం లేదు. పటాన్‌చెరు చుట్టుపక్కల ఊర్ల బావులు, నక్కవాగు నీళ్లు మందుల కంపెనీల వ్యర్థాలతోని ఎట్ల పాడైనయో మన ముందు తరం కండ్లారా చూసింది. 1990ల సుప్రీంకోర్టు దాకా పోయి కొట్లాడింది. అవి పెద్ద ఫ్యాక్టరీలు, చిమ్నీ కనబడ్డది, వాసనొచ్చింది, జనం లేసిన్రు. డ్రై క్లీనింగ్ దుకాణానికి చిమ్నీ ఉండదు. గల్లీల ఒక షట్టర్, వెనక ఒక మిషన్. కనబడదు కాబట్టి ఎవరూ అడగరు.

చట్టం లేదా అంటే ఉన్నది. కేంద్రం 2016లో తెచ్చిన ప్రమాదకర వ్యర్థాల నిబంధనలల్ల వాడేసిన సాల్వెంట్, బట్టి అడుగున మిగిలే మడ్డి రెండూ మొదటి షెడ్యూల్‌ల పేరు పెట్టి రాసున్నయి. ఇవి వచ్చే చోట కాలుష్య నియంత్రణ మండలి అనుమతి తీసుకోవాలె. మామూలుగ 90 రోజులకు మించి నిల్వ పెట్టుకోవద్దు. అనుమతి ఉన్న కేంద్రానికే పంపాలె, పంపినట్టు కాగితం ఉండాలె. తెలంగాణల దుండిగల్‌ల, ఆంధ్రల విశాఖ దగ్గర పరవాడల ఇట్లాంటి వ్యర్థాలు తీసుకునే కేంద్రాలున్నయి.

ఇబ్బంది ఎక్కడంటే, ఈ రూల్ అంతా టన్నుల లెక్కన వ్యర్థం తీసే ఫ్యాక్టరీని మనసుల పెట్టుకొని రాసింది. నెలకు ఒక బకెట్ మడ్డి తీసే దుకాణదారు దాన్ని పట్టుకొని దుండిగల్ పోతడా? ఆయన బకెట్ కోసం లారీ వస్తదా? నలుగురైదుగురు పనిచేసే దుకాణం మామూలుగ ఫ్యాక్టరీల చట్టం కిందికి కూడ రాదు. చట్టం ఉన్నది, దారి లేదు. దారి లేనప్పుడు మడ్డి తనే దారి వెతుక్కుంటది. మోరీల, మున్సిపాలిటీ చెత్త బండిల, లేకుంటే ఊరవతల గుంతల.

దుకాణదారును దొంగ లెక్క చూసుడు నాకిష్టం లేదు. ఆయన కూడ అప్పు తెచ్చి మిషన్ పెట్టుకున్నోడే. రోజంతా ఆ గాలి పీల్చేది ఆయనే. నిలదీయాల్సింది ఆయనకు సాల్వెంట్ అమ్మినప్పుడు బిల్లు ఇచ్చి, మడ్డి సంగతి చెప్పని వ్యాపారిని. చిన్న దుకాణాల మడ్డిని వారానికో నెలకో ఒకసారి తిరిగి పోగుచేసే ఏర్పాటు చేయని సర్కారును.

నీళ్లకే తిరిగొస్తున్నరు

ఇంత తిరిగి తిరిగి అమెరికా, యూరప్ నిపుణులు ఎక్కడికి చేరిన్రో చెప్తే నవ్వొస్తది. నీళ్లకే. దాని పేరు వెట్ క్లీనింగ్. 1991ల జర్మనీల మొదలైంది. డ్రమ్ము మెల్లగ తిరుగుతది, నీళ్ల వేడి, తేమ కంప్యూటర్ చూసుకుంటది, మెత్తటి సబ్బు, ఆరబెట్టుడు కొలత ప్రకారం. తర్వాత బట్టను సాగదీసి ఆకారానికి తెచ్చే ఇంకో మిషన్ ఉంటది. 'డ్రై క్లీన్ ఓన్లీ' అని లేబుల్ ఉన్న చాలా బట్టలు ఇట్ల ఉతకొచ్చు. మసాచుసెట్స్ రాష్ట్రంలోని విష పదార్థాల తగ్గింపు సంస్థ 2012లో పర్క్‌కు బదులున్న దారులన్నింటినీ పక్కపక్కన పెట్టి పోల్చింది. ఆరోగ్యం, పర్యావరణం లెక్కల వెట్ క్లీనింగ్‌దే పైచేయి అయింది. ఇందులో మడ్డి బట్టి లేదు. మరకల మందు కూడ విషం లేనిది వాడితే ప్రమాదకర వ్యర్థం పీడ దాదాపు ఉండదు.

అయితే దీనికి చేతి నైపుణ్యం కావాలె. ఏ బట్ట ఎంత వేడి తట్టుకుంటది, ఏ రంగు దిగుతది, ఏది పిండొద్దు, ఏది నీడకే ఆరాలె అన్నది తెలవాలె. ఇదంతా ఎవరికి తెలుసు? తరతరాలుగ రేవుల నిలబడ్డ రజకులకు. సౌడుమట్టితోని ఉబ్బకు వేసి తెల్లబట్టను మెరిపించినోళ్లు, పట్టుచీరను కుంకుడురసంల ముంచి నీడకు ఆరేసినోళ్లు. ఆ విద్యకు మిషన్ తోడిస్తే దాన్నే వెట్ క్లీనింగ్ అంటరు. ఆ కులం వృత్తి ఆ కులానికే అంటగట్టాలని నేను అంటలేను. చదువుకున్న పిల్లలు ఏ పనికైనా పోవాలె. కానీ ఆ పనిల ఉన్నోళ్లకు, ఉండాలనుకునేటోళ్లకు రేపటి మార్కెట్ తలుపు ఇక్కడ తెరుచుకుంటున్నది.

తెలంగాణల 2021 ఏప్రిల్ నుంచి లాండ్రీలకు, ధోబీ ఘాట్లకు నెలకు 250 యూనిట్ల కరెంట్ ఉచితం అన్నరు. మంచి పని. దాని మీద ఇంకో మెట్టు ఎక్కొచ్చు. కాలిఫోర్నియాల పర్క్ వదిలి విషం లేని దారికి మారే చిన్న దుకాణాలకు సర్కారు సాయం చేసింది. ఆ డబ్బు ఎక్కడి నుంచి తెచ్చింది? పర్క్ అమ్మకం మీద వేసిన ఫీజు నుంచి. విషం అమ్మేటోని దగ్గర వసూలు చేసి, వదిలేటోనికి ఇచ్చుడు. మన దగ్గర సబ్సిడీ మిషన్లు ఇచ్చేటప్పుడు సాల్వెంట్ మిషన్‌కు కాకుండ వెట్ క్లీనింగ్ మిషన్‌కు ఇయ్యాలె, దాంతోపాటు ట్రైనింగ్ ఇయ్యాలె. అడిగేటోళ్లుంటే ఇది అయ్యే పనే.

డబ్బా మీద నంబర్ చూడు

చివరికి చేతిల పట్టుకొని పోయే మాట ఒకటి. డబ్బా మీద బ్రాండ్ పేరు ఏదైనా ఉండనీ, ఆకు బొమ్మ ఉండనీ, దాంతోని పనిలేదు. ప్రతి రసాయనానికి ప్రపంచమంతా ఒకటే గుర్తింపు నంబర్ ఉంటది, మనకు ఆధార్ లెక్క. దాన్ని క్యాస్ నంబర్ అంటరు. పర్క్‌ది 127-18-4. ట్రైక్లోరోఇథిలిన్‌ది 79-01-6. 1-బ్రోమోప్రొపేన్‌ది 106-94-5. డీ5ది 541-02-6. లాండ్రీ పనికి పోయే తమ్ముళ్లు, చెల్లెండ్లు ఈ నంబర్లు ఫోన్‌ల దాచుకోండ్రి. గల్ఫ్ పోయేటోళ్లు మరీ ముఖ్యంగ.

సాల్వెంట్ అమ్మే కంపెనీ దానితోపాటు 'సేఫ్టీ డేటా షీట్' అనే కాగితం ఇస్తది. ఇయ్యకుంటే అడిగి తీసుకోవాలె. దాంట్ల 16 భాగాలుంటయి. అన్నీ చదవకున్నా మూడు చాలు. 3వ భాగంల లోపల ఏమున్నదో, క్యాస్ నంబరేందో ఉంటది. 8వ దాంట్ల ఏ గ్లౌజు, ఏ మాస్కు పెట్టుకోవాలో ఉంటది. 13వ దాంట్ల వ్యర్థాన్ని ఏం చేయాలో ఉంటది. మామూలు గుడ్డ మాస్కు, కరోనా మాస్కు ఈ ఆవిరిని ఆపవు. మడ్డి గోకేటప్పుడు మిషన్ పూర్తిగ సల్లారాలె, గాలి ఆడాలె, ఒక్కరే ఉండొద్దు.

ఊర్ల ఉన్నోళ్లు చేయగలిగేది కూడ ఉన్నది. మీ జిల్లాల ఎన్ని డ్రై క్లీనింగ్ యూనిట్లకు ప్రమాదకర వ్యర్థాల అనుమతి ఉన్నది, పోయిన ఏడాది వాటి నుంచి ఎంత మడ్డి ఏ కేంద్రానికి పోయింది అని కాలుష్య నియంత్రణ మండలికి ఒక ఆర్టీఐ దరఖాస్తు పెట్టుండ్రి. ఖర్చు పది రూపాయలు. జవాబు వస్తే లెక్క తెలుస్తది. 'సమాచారం లేదు' అని వస్తే అది ఇంకా పెద్ద జవాబు.

వచ్చేసారి కోటు ఇయ్యడానికి పోయినప్పుడు కౌంటర్ కాడ ఉన్న అన్నను మెల్లగ అడుగుండ్రి: 'అన్నా, మిషన్ల నుంచి వచ్చే నల్లటి మడ్డి ఎటు పోతది?' కోపానికి వస్తే రానియ్యండ్రి. ఒక్కరు అడిగితే కోపమొస్తది, పదిమంది అడిగితే ఆలోచన వస్తది. కోటు మురికి పోతే సాలదు, ఆ మురికి పోయి మన బోరుల పడొద్దు.